‘సేఫ్’కు ఉదాహరణలు కావాలి

నిఘంటువు కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి 4

ఉత్తరం రాయమంటే వేళ్ళు నొప్పి పుట్టే తమ్ముడికి,

నీ పోయిన ఉత్తరంలో మూడు వాక్యాలున్నాయి. మొదటిది ఎండల గురించి. రెండోది నీ భార్య నన్ను అడిగానని చెప్పమందని. మూడోది ‘ఉంటాను’. ఉండు, ఎవరు వద్దన్నారు? కానీ ఈసారి కాస్త పొడుగ్గా రాయి. నాకు ఆఫీసు పనికి కావాలి.

పందొమ్మిదేళ్ళుగా నేనిక్కడ ఏం చేస్తున్నానో నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మన మాటల్లోకి వచ్చి కాపురం పెట్టేసిన ఇంగ్లీషు మాటలకు నిఘంటువు తయారుచేస్తున్నాం. పోయిన నెల ‘సీరియస్’ దగ్గర మా పెద్ద సంపాదకుడికీ నాకూ పడలేదు. ఆయన్ని మేం చాటుగా కామా అంటాం, ఏ వాక్యాన్నీ ముగించడు కాబట్టి. రోగి సీరియస్‌గా ఉండటం, పిల్లాడు సీరియస్‌గా చదవడం, మీ బావ చిన్నమాటకి సీరియస్ అయిపోవడం మూడూ వేరువేరు అర్థాలని నేను, అన్నీ ఒకటేనని ఆయన. చివరికి నేనే గెలిచాను. గెలిచినందుకు శిక్షగా ‘సేఫ్’ నా నెత్తిన పడేశాడు. మూడక్షరాలు కూడా లేని మాట, లోపలికి దిగితే అడుగు తగలడం లేదు.

మా దగ్గర ఒక నియమం ఉంది. మేం కూర్చుని వాక్యాలు అల్లకూడదు. ఎవరో ఒకరు నిజంగా రాసిన వాక్యమే ఉదాహరణ. ఒక్కో అర్థానికి అలాంటివి మూడు ఉండాలి. రాసిన మనిషి చేసే పని, తేదీ, వాక్యం ఒక చీటీ మీద ఎక్కించి సొరుగులో వెయ్యాలి. ఒకసారి సొరుగులో పడ్డ చీటీ బయటికి రావాలంటే కామా సంతకం కావాలి. ఫోన్లో చెప్పింది చెల్లదు. అందుకే ఫోన్ చెయ్యకుండా నిన్ను ఇలా బతిమాలుతున్నాను.

నువ్వు లిఫ్టుల తనిఖీదారువి. ‘సేఫ్’ అని రాయడమే నీ ఉద్యోగం. ఆ మాటను మీ ఆఫీసులో ఎవరెవరు ఎలా వాడతారో చూసి రాసి పంపు. అక్కకి ఈ మాత్రం సాయం చేస్తే నీ వేళ్ళేం అరిగిపోవు.

అక్క


లిఫ్టుల తనిఖీ ఆఫీసు, కిటికీ లేని గది
మార్చి 15

అక్కకి,

మొదట ఒక దిద్దుబాటు. మేం ‘సేఫ్’ అని రాయం. ముద్ర కొడతాం. చెక్కపిడి ముద్ర, ఊదారంగు సిరా. కాదు అని చెప్పడానికి మాత్రం ముద్ర లేదు. ఏదైనా లిఫ్టు బాగాలేదనిపిస్తే పదకొండు పేజీల నివేదిక చేత్తో రాయాలి, మూడు కాపీలు, బొమ్మలతో సహా. ఉత్తరం మూడు వాక్యాలు రాసేవాణ్ణి, నేను పదకొండు పేజీలు రాస్తానా? ఆఫీసులో ఎవరూ రాయరు. ఆ ఫారాలు అల్మారాలో ఎంతకాలంగా ఉన్నాయంటే, కట్ట విప్పితే పై కాగితం అంచులు పొడిలా రాలాయి.

ఇక నీ ఉదాహరణలు, విన్నవి విన్నట్టు రాస్తున్నాను.

మా ఇంజనీరుగారు ఏ ఫైలు మీదైనా “సేఫ్‌గా రాయండి” అంటారు. అంటే ఏమీ తేలకుండా రాయమని. పక్క టేబులాయన మబ్బు లేకపోయినా “సేఫ్ సైడ్‌కి” గొడుగు తెస్తాడు, అదే సేఫ్ సైడ్‌కి సంతకం పక్కన తేదీ వెయ్యడు. మా టైపిస్టు చెల్లెలికి సంబంధం చూస్తున్నారు. అబ్బాయి గురించి వాకబు చేసి వచ్చిన పెద్దమనిషి “చాలా సేఫ్ అండీ” అన్నాడట. తాగడు, తిరగడు, నోరెత్తడు అని దాని భావం. ఆ అమ్మాయి ఒద్దంది. నీ మరదలు ఏదైనా సేఫ్ ప్లేస్‌లో పెట్టానందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవాలి. మా అత్తగారు ప్రయాణమై వెళ్ళిన ప్రతిసారీ “సేఫ్‌గా చేరాను” అని రాస్తుంది, ఆ తర్వాత రెండు పేజీలు దారిలో పడ్డ బాధలు.

చాలా? పొడుగ్గానే రాశాను. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం జూన్‌లో రావాలి. వస్తుందనే అంటున్నారు. ఇక్కడొక అయిదంతస్తుల ఆసుపత్రి లిఫ్టు కాస్త తలనొప్పిగా ఉంది, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


నిఘంటువు కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి 21

ఉన్నట్టుండి రచయితైపోయిన తమ్ముడికి,

నీ ఉత్తరం మధ్యాహ్నం టీ దగ్గర అందరికీ చదివి వినిపించాను. సేఫ్ పెళ్ళికొడుకు దగ్గర కామా కూడా నవ్వాడు. ఆయన నవ్వితే పళ్ళు కనిపించవు, భుజాలు మాత్రం కదులుతాయి. మీ ఇంజనీరుగారి వాడకానికి విడిగా ఒక అర్థం ఇచ్చాం: ‘తర్వాత ఎవరూ నిలదీయడానికి వీల్లేనిది’. దీనికి మూడు కాదు, ముప్ఫై నాలుగు ఉదాహరణలు వచ్చి పడ్డాయి. బడిపంతుళ్ళు, గుమస్తాలు, డాక్టర్లు, ఒక నాట్యం టీచరు, అందరూ పంపారు. సొరుగు మూతపడటం లేదు.

అసలు చిక్కు మొదటి అర్థం దగ్గరుంది. ‘దెబ్బ తగలదని నమ్మదగినది’. ఏ చిన్న పిల్లని అడిగినా చెప్పే అర్థం కదా, దీనికి ఒకే ఒక్క చీటీ ఉంది, మీ అత్తగారిది. అదీ ఆ తర్వాతి రెండు పేజీలూ చదివితే నిలబడదు. మనుషులు ఈ మాటను తమ ఒంటికోసం వాడటం మానేసి తమ కుర్చీకోసం వాడుతున్నారని కామాతో అన్నాను. అది నిఘంటువులో రాయడానికి కుదరదు అని ఏదో అంటూ ఆపేశాడు.

ఇంతకీ ఆసుపత్రి లిఫ్టు సంగతేమిటి? ‘ఇంకోసారి’ అని నువ్వు ఎప్పుడంటావో నాకు తెలుసు. ఏడో తరగతి మార్కుల కాగితం చూపించమంటే ఇంకోసారి అన్నావు, అది పరుపు కింద దొరికింది. ఈ ఉత్తరం అందగానే రాయి. పరుపు ఎత్తడానికి నేను అంత దూరం రాలేను.

అక్క


లిఫ్టుల తనిఖీ ఆఫీసు, కిటికీ లేని గది
ఏప్రిల్ 2

అక్కకి,

నువ్వు వదలవు కాబట్టి రాస్తున్నాను.

ప్రతి లిఫ్టుకీ అడుగున ఒక బ్రేకు ఉంటుంది. పైనున్న తాళ్ళు తెగితే లిఫ్టు పెట్టెను రెండువైపులా పట్టాల మీద బిగించి ఆపేది అదే. తాళ్ళు తెగకపోతే దాని అవసరమే పడదు, అందుకని దాని జోలికి ఎవరూ పోరు. ఆ ఆసుపత్రి లిఫ్టు కింద గోతిలోకి నేను దిగాను. బ్రేకు దవడలు తుప్పుపట్టి ఒకవైపు కదలడం లేదు. పెట్టె ఖాళీగా ఉంచి పరీక్ష చేశాను. తాడు తెగితే పట్టాల్సిన బ్రేకు పట్టలేదు. పెట్టె జారి అడుగునున్న స్ప్రింగుల మీద కూర్చుంది. రెండోసారీ అంతే.

ఆసుపత్రి మేనేజరు నా వెనకే తిరుగుతూ “రోజుకి నాలుగు వందల మంది ఎక్కుతారండీ, ఇన్నేళ్ళలో ఒక్కరికి గీత పడలేదు” అన్నాడు. లిఫ్టు ఆపితే మంచాల మీది రోగుల్ని మెట్ల మీద ఎవరు మోస్తారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మా ఇంజనీరుగారు ఇంకో రకంగా చెప్పారు. “వచ్చే నెల ఎలాగూ మరమ్మతు చేయిస్తారట. ఈలోగా పదకొండు పేజీలు రాసి నువ్వు సాధించేదేముంది? సేఫ్ అని ఒక ముద్ర కొట్టు, జూన్ కాగితం దగ్గర పడింది కదా” అన్నారు. ఆయన గొంతులో బెదిరింపేమీ లేదు. అది ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. ఈ విషయం నీ మరదలికి చెప్పలేదు. నువ్వు కూడా బావకి చెప్పకు, ఆయన పదిమందికి చెబుతాడు.

తమ్ముడు


నిఘంటువు కార్యాలయం, మూడో అంతస్తు
ఏప్రిల్ 8

తమ్ముడికి,

తేల్చుకోవడానికి ఏముందిరా? నువ్వే రెండుసార్లు చూశావు, రెండుసార్లూ పట్టలేదు. వచ్చే నెల అనేది మన చిన్నప్పుడు మేడ మీద పిట్టగోడ కట్టిస్తామన్న ఇంటి యజమాని మాటలాంటిది. ఆయన పోయాడు, పిట్టగోడ రాలేదు. మీ ఇంజనీరుగారిని ఆ లిఫ్టు ఎక్కి అయిదో అంతస్తుకి వెళ్ళి దిగి రమ్మను. ఆ తర్వాత ముద్ర ఆయన్నే కొట్టమను. ఫారాలు పొడిలా రాలుతున్నాయంటే కొత్తవి అచ్చు వేయించుకో. పదకొండు పేజీలు రాయలేకపోతే చెప్పు, నువ్వు చెబుతుంటే నేను రాస్తాను. బడిలో నీ వ్యాసాలన్నీ రాసింది ఎవరు?

నీ ఉత్తరం వల్ల నాకు మాత్రం పని కలిసొచ్చింది. ‘బాగోలేదని తెలిసినా పైవాళ్ళు బాగుందని చెప్పించినది’ అనే అర్థానికి మంచి ఉదాహరణ లేక అల్లాడుతున్నాను. నీ వాక్యాలు రెండు చీటీ మీదికి ఎక్కించాను. “తాడు తెగితే పట్టాల్సిన బ్రేకు పట్టలేదు... సేఫ్ అని ఒక ముద్ర కొట్టు.” కింద ‘లిఫ్టుల తనిఖీదారు ఉత్తరం, ఏప్రిల్ 2’ అని రాశాను. పేరు ఎలాగూ వెయ్యం. కామా చూసి మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఈ మాట పేజీలు ఇరవై అయిదో తేదీకి అచ్చుకి వెళతాయి. మచ్చు ప్రతులు, ఏ వృత్తుల ఉదాహరణలు వాడామో ఆ ఆఫీసులన్నిటికీ సరిచూడటానికి పంపడం మా ఆనవాయితీ. మీ ఆఫీసుకీ ఒకటి వస్తుంది, చూసి మురిసిపో.

ముద్ర కొట్టలేదని వెంటనే రాయి. నాకు కుదురుగా లేదు.

అక్క


ఇంట్లోంచి, వంటింటి బల్ల
ఏప్రిల్ 12

అక్కా,

ఆ చీటీ తీసెయ్.

నీకు మతి ఉందా? మా ఆఫీసులో తనిఖీదారులం ఇద్దరం. రెండోవాడు ఏడాదిగా సెలవులో ఉన్నాడు. పేరు వెయ్యకపోతే మాత్రం ఎవరో తెలియదా? మా ఇంజనీరుగారికి చదివే అలవాటు ఉంది, అదీ మా ఖర్మ. చివరి కామా దాకా చదువుతారు. నేను మా అక్కకి రాసుకున్న ఉత్తరం ముక్కలు చేసి దేశమంతా పంచడానికి నీకు ఎవరు అధికారం ఇచ్చారు?

ఇంకొకటి. తేల్చుకోలేదని నీకు అబద్ధం రాశాను. ముద్ర మార్చి 9నే కొట్టేశాను. నీ మొదటి ఉత్తరం నా బల్ల మీదికి వచ్చిన రోజే. అది చదివి నవ్వుకుంటూ ఫైలు తీశాను, ఆ నవ్వులోనే కొట్టేశాను. తర్వాత నీకు ముద్ర గురించి, సిరా రంగు గురించి హాస్యాలు రాశాను. అప్పటినుంచి రోజూ ఆఫీసుకి ఆ ఆసుపత్రి ముందునుంచి కాకుండా చుట్టుతిరిగి వెళుతున్నాను. నీ మరదలు అడిగితే నడక ఒంటికి మంచిదని చెప్పాను.

నా ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇది తప్ప నాకు వచ్చిన పని లేదు. కోపంతోనే అడుగుతున్నానో భయంతోనే అడుగుతున్నానో, అడుగుతున్నాను. తీసెయ్ అక్కా.

తమ్ముడు


మా ఇల్లు, ముందు గది
ఏప్రిల్ 16

తమ్ముడికి,

తీసేశాను.

కామాని సంతకం అడగలేదు. అడిగితే కారణం చెప్పాలి. అందరూ భోజనానికి వెళ్ళాక సొరుగు తెరిచి, ఆ చీటీ తీసి నా కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని మెట్లు దిగాను. గేటు దగ్గర కాపలాదారు రోజూలాగే నమస్కారం పెట్టాడు. ఈ పందొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసు పెన్సిలు ముక్క కూడా ఇంటికి తేలేదు నేను. ఇంటికొచ్చి చీటీని పదహారు ముక్కలు చేసి పొయ్యిలో వేశాను. పేజీల్లో ఆ ఖాళీకి మీ అత్తగారి వాక్యం సర్దాను. కామా అడిగితే నా పొరపాటు అని చెబుతాను. ఇంతకాలం చెప్పని మాట కాబట్టి నమ్ముతాడు.

నాది తప్పే. నీ ఉత్తరంలో నువ్వు కనిపించాల్సింది పోయి నాకు ఉదాహరణ కనిపించింది. మనుషులు ఎంత ఏడుస్తూ రాసినా అందులో పనికొచ్చే వాక్యం ఏదని వెతికే జబ్బు పట్టింది నాకు. క్షమించమని అడుగుతున్నాను. ఇది రెండోసారి అడగను, కాబట్టి దాచుకో.

ఇప్పుడు చూడు. నీ గురించి ఏ కాగితం మీదా ఏమీ లేదు. మీ ఇంజనీరుగారు మురుస్తారు, జూన్‌లో కాగితం వస్తుంది. నువ్వు సేఫ్, నేను సేఫ్, కామా సేఫ్, ఆ మేనేజరు సేఫ్. ఆ పెట్టెలో రోజూ ఎక్కి దిగే నాలుగు వందల మంది మాత్రం మన లెక్కలోకి రారు.

నువ్వు చుట్టుతిరిగి నడుస్తున్నావని చదివి చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. నిన్ను కొట్టాలనిపించింది. దగ్గర కూర్చోబెట్టుకోవాలనీ అనిపించింది. నువ్వు చెడ్డవాడివైతే నాకీ బాధ ఉండేది కాదు, ఒక తిట్టు తిట్టి ఊరుకునేదాన్ని.

ఇక నిన్ను నేను ఏమీ అనను. బెదిరించడానికి నా దగ్గర చీటీ కూడా లేదు. నువ్వు ఏం చేసినా ఎవరికీ తెలియదు, చెయ్యకపోయినా తెలియదు. ఆ లిఫ్టు నీది.

అక్క


లిఫ్టుల తనిఖీ ఆఫీసు, ఎస్కలేటర్ల విభాగం
మే 9

అక్కకి,

ఆలస్యానికి కారణం, రాసి రాసి చెయ్యి వాచింది.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు ఇంకా చుట్టుతిరిగే నడిచాను. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మూడోరోజు నీ మరదలికి మొత్తం చెప్పాను. ఆవిడ బల్ల మీద గిన్నెలు తీసి తుడిచి, పెన్ను తెచ్చి పెట్టింది. మూడు సాయంత్రాలు రాశాను. బొమ్మలు ఆవిడ వేసింది. నా బొమ్మలో బ్రేకు బంగాళాదుంపలా ఉందట. మొదటి పేజీలోనే ‘మార్చి 9న ఈ లిఫ్టుకు నేను కొట్టిన ముద్ర తప్పు, తెలిసి కొట్టినది’ అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఒక సాయంత్రం పట్టింది.

ఇంజనీరుగారు కోప్పడలేదు. పదకొండు పేజీలూ చదివి, ఏడో పేజీలో ఒక అక్షరదోషం చూపించారు. “నీకు మంచి భవిష్యత్తు ఉండేది” అన్నారు, పోయినవాళ్ళ గురించి అన్నట్టు. ఆరోజే వెళ్ళి లిఫ్టు తలుపులకు తాళం వేసి నా సంతకంతో నోటీసు అతికించాను. జూన్ కాగితం ఆగిపోయింది. నన్ను ఎస్కలేటర్ల విభాగానికి మార్చారు. ఈ ఊళ్ళో ఎస్కలేటర్ ఒక్కటీ లేదు. వచ్చినప్పుడు చూసుకోవడానికి విభాగం ఇప్పటినుంచే సిద్ధంగా ఉండాలట. ఆ కుర్చీలో ఇంకెన్నాళ్ళు ఉంచుతారో తెలియదు. భయం వేస్తూనే ఉంది.

పోయిన వారం మరమ్మతువాళ్ళు బ్రేకు విప్పారు. రెండో దవడ వేళ్ళతో పట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చిందట. కొత్తది రావడానికి ఇంకో పదిరోజులు పడుతుంది. ఇది మేనేజరు చెప్పలేదు, ఆయన నాతో మాట్లాడటం లేదు. మరమ్మతు మేస్త్రీ చెప్పాడు.

నిన్న ఆదివారం. ఎవరు మోస్తారని మేనేజరు అడిగిన మాట బుర్రలో తిరుగుతుంటే ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్ళాను. మెట్ల కింద ఒక ముసలావిడ, తుంటి విరిగింది, కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు. వార్డు మనిషి ఒక్కడే ఉన్నాడు, రెండోవాడి కోసం చూస్తున్నాడు. నేను వెనకవైపు పట్టుకున్నాను. నాలుగో అంతస్తు.

మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టింది. “లిఫ్టు ఎవడు మూశాడు నాయనా?”

“ఎవరో తనిఖీవాడట అవ్వా” అన్నాడు వార్డు మనిషి. నేనెవరో అతనికీ తెలియదు.

“వాడి చేతులు పడిపోను. బంగారంలాంటి లిఫ్టు. మొన్నటిదాకా ఎక్కాం, దిగాం, ఏం పోయింది? వాడికి పెళ్ళాం లేదా, పిల్లల్లేరా, చెయ్యడానికి ఇంకో పనే దొరకలేదా?”

రెండో అంతస్తు దగ్గర ఆగాం, ఊపిరి తీసుకోవడానికి. ఆవిడకి ఆ అవసరం లేదు. నన్ను, మన నాన్నని, నాకు చదువు చెప్పిన పంతుల్ని వరసగా అందుకుంది. మూడో అంతస్తులో నువ్వు కూడా వచ్చావు. వాణ్ణి ఇలా పెంచిన ఆడవాళ్ళెవరో అని. నేను ఊఁ కొడుతూ ఎక్కాను. నడుం మీద కుర్చీ అంచు ఒరుసుకుపోతోంది. కుదుపు లేకుండా పైకి చేర్చడం ఒక్కటే చూసుకున్నాను.

మంచం మీద పడుకోబెట్టాక నా చెయ్యి పట్టుకుని చొక్కా వంక చూసింది. “ఎంత చెమట పట్టింది నాయనా. నువ్వు చల్లగా ఉండాలి. ఆ మూసినవాడు మాత్రం ఎక్కడో ఫ్యాను కింద హాయిగా కూర్చుని ఉంటాడు” అంది.

“కూర్చునే ఉంటాడమ్మా” అని, ఇంకొకరిని తీసుకురావడానికి కిందికి దిగాను.

తమ్ముడు